తప్పు గొట్టానిది కాదు

వానలు పడేలోగా నగరంలో డ్రైనేజీ పనులు ఎలా సాగుతున్నాయో చూసి రాయమన్నారు మా ఎడిటర్. జాబితాలో పంపింగ్ స్టేషన్లు, శుద్ధి కేంద్రాలు, కొత్త యంత్రాలు చాలా ఉన్నాయి. నేను మాత్రం శాలిబండ వైపు ఒక గల్లీలో, నడుం లోతు గుంత దగ్గర ఆగిపోయాను. మిగతావి చూడబుద్ధి కాలేదు.

గుంతలో పాలమూరు నుంచి వచ్చిన ఒక పెద్ద మేస్త్రి మోకాళ్ల మీద ఉన్నాడు. ఇంటి నుంచి మ్యాన్‌హోల్‌కు పోయే ఆరంగుళాల మట్టి గొట్టం పగిలింది. ఆయన సుత్తి పిడితో ఒక్కో గొట్టాన్నీ తట్టి వింటున్నాడు, సంతలో కుండ బేరమాడేవాళ్లు తట్టి చూసినట్టు. ఖంగుమన్నదాన్ని వదిలేశాడు. డొల్లగా పలికినదాని మీద సుద్దగీత గీశాడు. వరస మొత్తంలో గీత పడింది ఒక్కదాని మీదే.

"ఇంకా మట్టి గొట్టమెందుకు మేస్త్రీ, మొత్తం తీసేసి పీవీసీ వెయ్యరాదు?" అన్నాడు ఇంటాయన అరుగు మీది నుంచి.

"గొట్టం మంచిగనే ఉంది సార్. కింద ఇటుక వెట్టిండ్రు, సూడుండ్రి."

చూశాను. గొట్టం పొడవునా ఇసుక మీద ఆనాలి. వెడల్పుగా ఉండే మూతి కింద చిన్న గుంట తీసి దాని మీద బరువు పడకుండా చూడాలి. ఎప్పుడో ఎవరో వాలు కుదరక ఆ మూతి కిందే ఇటుక ముక్క ఇరికించి మట్టి కప్పేశారు. పైన తిరిగిన ట్యాంకర్ల బరువంతా అక్కడే పడింది. చీలికలోంచి మట్టి దిగింది, వేపవేరు దూరింది.

రెండు వైపులా బిగిసి ఉన్న వరసలో కొత్త గొట్టం ఎలా దూరుస్తాడా అని చూస్తూ నిలబడ్డాను. దిగువ గొట్టం మూతిలో పై సగాన్ని ఉలితో చెక్కేశాడు. కొత్త గొట్టం మూతిలోనూ సగం తీసేశాడు. మిగిలిన సగం పైకి ఉండేలా దాన్ని దింపి, రెండు అరచేతులతో మెల్లగా అర చుట్టు తిప్పాడు. పైనున్న సగం మూతి కిందికి జరిగి ఎగువ గొట్టం కొసను పట్టుకుంది. ఆ తిప్పడంలో రవ్వంత తొందర ఉన్నా గొట్టం అంచు లేచిపోతుంది. తర్వాత సిమెంటు పాలలో ముంచిన జనపనార చుట్టి కూరాడు. ఇసుకా సిమెంటూ సమపాళ్లలో కలిపి చుట్టూ ఏటవాలుగా మెత్తాడు. చివరగా, ముందే దూర్చి ఉంచిన తాడుతో గోనెగుడ్డ ఉండను లోపలి నుంచి లాగాడు. లోపలికి చొచ్చిన సిమెంటు అక్కడే గడ్డకడితే, వెంట్రుకలూ పేలికలూ దానికే చిక్కుకుంటాయట.

ఇంత తెలిసిన మనిషిని మనం "గుంతలు తవ్వేవాడు" అంటున్నాం. నాకు కోపం వచ్చింది అక్కడే.

1908 మూసీ వరద తర్వాత నిజాం ప్రభుత్వం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను అందరూ గుర్తుపెట్టుకున్నారు. ఆయన నగరానికి డ్రైనేజీ పథకం కూడా ఇచ్చాడన్నది ఎవరికీ గుర్తులేదు. ఈ మట్టి గొట్టం సంగతీ అంతే. దాన్ని కాల్చేటప్పుడు కొలిమిలో పన్నెండు వందల డిగ్రీల వేడి దగ్గర ఉప్పు చల్లితే, అందులోని సోడియం మట్టిలోని సిలికాతో కలిసి గాజుపొర అవుతుంది. ఆ పొర పట్టిన గొట్టాన్ని మురుగు తినలేదు. మురుగులోంచి లేచే హైడ్రోజన్ సల్ఫైడ్ గొట్టం పైకప్పు మీద బ్యాక్టీరియా వల్ల గంధకామ్లంగా మారి, సిమెంటు గొట్టాన్ని లోపలి నుంచి కొరికేస్తుంది. మట్టికి ఆ జబ్బు లేదు. దాని బలహీనత అంతా అతుకులోనూ పరుపులోనూ ఉంది, అంటే పనివాడి చేతిలో. గొట్టం పరిచినదానికి మనం మీటర్ల లెక్కన డబ్బిస్తాం. అతుకు ఎలా పడిందో మట్టి కప్పకముందు గుంతలోకి దిగి చూసేవాళ్లేరి?

అతుకు చెడితే మట్టి దిగుతుంది, లైను మూసుకుపోతుంది. అప్పుడు ఒక మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దింపుతారు. లోపల అదే హైడ్రోజన్ సల్ఫైడ్. 2013 చట్టం రక్షణ లేకుండా అలా దింపడాన్ని నిషేధించింది. చనిపోయినవారి కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. చావు తర్వాత ఇచ్చే పరిహారానికి తీర్పు ఉంది. చావు రాకుండా అతుకు వేసే ఈ చేతికి శిక్షణ లేదు, పత్రం లేదు, కూలి మాత్రం మామూలు తాపీ కూలే.

"నేర్సుకుంటానికి ఎవలన్నా వస్తున్నరా?" అని అడిగాను.

"వస్తరు సార్, రెండు దినాలుంటరు. గబ్బని వోతరు." కాసేపాగి, "నేర్పుమని సర్కారోళ్లు గూడ అడగలే," అన్నాడు.

ఇంటాయన ఆ సాయంత్రమే గుంత పూడ్చమన్నాడు. మేస్త్రి ఒప్పుకోలేదు. అతుకు మీద తడి గోనె కప్పాడు. రేపు కింది వైపు మూసి నీళ్లు నింపుతానని, మట్టం దిగకపోతేనే మట్టి వేస్తానని చెప్పాడు. తర్వాత గడప నుంచి గొట్టం దాకా టేపు పట్టి, దూరమూ లోతూ గోడ మీద పెయింటుతో రాయమని ఇంటాయనకు చెప్పాడు. మళ్లీ కేబులోళ్లు తవ్వుతారు కదా, ఎక్కడుందో వాళ్లకైనా తెలియాలన్నాడు.