శ్రీకృష్ణదేవరాయలును పొరుగునాటి కథయు

రాజుల చరిత్రలు చదువువారు సాధారణముగా ఆ రాజు ఎన్ని యుద్ధములు గెలిచెను, ఎన్ని కోటలు పట్టెను అని లెక్కించుచుందురు. ముప్పది యేండ్లకు పైగా తాలూకా కచ్చేరిలో గుమాస్తాగా లెక్కలు వ్రాసిన మాకు లెక్కలయెడ అగౌరవము లేదు. అయినను కోటల లెక్క రాజుతోనే ముగిసిపోవును. వ్రాసిన పుస్తకము అట్లుగాదు. చదువువారున్నంత కాలము అది బ్రతికియుండును. ఈ సంచికకు నాలుగు మాటలు వ్రాయుమని సంఘమువారు కోరగా, హోసూరు, కృష్ణగిరి ప్రాంతములలో తరతరములుగా నివసించు తెలుగు కుటుంబములకు శ్రీకృష్ణదేవరాయలు ఏ విధముగా దగ్గరి చుట్టమో చెప్పదలచితిమి.

రాయలవారు తుళువ వంశమువారు. తండ్రి నరసనాయకుడు, తల్లి నాగలాంబ. అన్న వీరనరసింహరాయల అనంతరము 1509లో విజయనగర సింహాసన మధిష్ఠించిరి. అన్నగారు మరణశయ్యపై నుండి, తన కొడుకునకు రాజ్యము దక్కుటకై తమ్ముని కన్నులు తీయింపుమని మంత్రి తిమ్మరుసును ఆజ్ఞాపించెననియు, తిమ్మరుసు మేక కన్నులు చూపి వారిని కాపాడెననియు పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ వ్రాసియుంచెను. ఇది ఎంతవరకు నిజమైనను, రాయలు తిమ్మరుసును అప్పాజీ యని పిలుచుట మాత్రము ప్రసిద్ధము.

పాలన తొలి సంవత్సరములలోనే వారు ఉమ్మత్తూరు పాలెగాని నణచి, కావేరి నడుమ నున్న శివనసముద్రమును స్వాధీనము చేసికొనిరి. ఆ కావేరియే దిగువకు వచ్చి మన పొరుగున హొగేనకల్ వద్ద దుముకుచున్నది. తరువాత తూర్పు దిక్కునకు నడచి 1514లో ఉదయగిరిని, 1515లో కొండవీటిని గజపతుల నుండి గైకొనిరి. ఉదయగిరి నుండి తెచ్చిన బాలకృష్ణ విగ్రహమునకు హంపిలో ఆలయము కట్టించిరి. 1516లో సింహాచలేశుని సేవించిరి. చివరకు ప్రతాపరుద్ర గజపతి కుమార్తెను వివాహమాడి, కృష్ణకు ఉత్తరమున తాము గెలిచిన భూములను ఆయనకే తిరిగి యిచ్చివేసిరి. 1520లో రాయచూరు విజయము లభించెను. తిరుమల ఆలయమున ఇరువురు దేవేరులతో చేతులు జోడించి నిలిచిన వారి విగ్రహమును మనలో చూడనివారు అరుదు.

ఆ దినములలో విజయనగరము వచ్చిన పేస్ అను పోర్చుగీసువాడు రాజును కన్నులార చూచి వర్ణించెను. మధ్యమమైన ఎత్తు, చామనచాయకంటె తేటయైన మేని రంగు, ముఖమున స్ఫోటకపు మచ్చలు. తెల్లవారకముందే లేచి నువ్వులనూనె త్రాగి, ఒడలికి నూనె పట్టించి, బరువు లెత్తి, కత్తి త్రిప్పి, మల్లునితో కుస్తీపట్టి, గుఱ్ఱ మెక్కి మైదానమున పరుగు పెట్టించెడివాడట. చిత్రపటములలోని దేవతాసమానమైన రూపముకంటె ఈ మచ్చల ముఖమే మాకు ఎక్కువ ప్రీతికరము. నువ్వులనూనె యనగానే ఆయన మన ఇంటివాడై పోవును.

ఇక అసలు విషయమునకు వత్తుము. మా చిన్ననాటి ఆంగ్ల వాచకములో ఆల్ఫ్రెడ్ రాజు పాఠ మొకటి యుండెడిది. డేనులకు ఓడి గొల్లవాని ఇంట తలదాచుకొన్న రాజు, పొయ్యిమీది రొట్టెలను మాడనిచ్చి ఇల్లాలిచేత తిట్లు తినుట ఆ కథ. అది తరువాతివారు కల్పించినదని చరిత్రకారు లందురు. నిజమైన ఆల్ఫ్రెడ్ కథ దానికంటె ఘనమైనది. అతడు 849లో పుట్టి, మన రాయలవలెనే అన్న తరువాత 871లో వెస్సెక్స్ రాజ్యమునకు రాజయ్యెను. 878లో ఎడింగ్టన్ వద్ద డేనులను గెలిచెను. యుద్ధము తగ్గిన పిదప దేశమున చదువు నశించుట చూచి దుఃఖించెను. హంబర్ నదికి దక్షిణమున లాటిన్‌లోని ఒక్క ఉత్తరమునైనను ఇంగ్లీషులోనికి మార్చగలవారు మిక్కిలి కొద్దిమంది యుండిరని అతడే వ్రాసెను. పండితభాషలోని పుస్తకములను తాను కూర్చుండి ఇంగ్లీషు చేసెను. స్తోమతు గల స్వతంత్రుల బిడ్డలందరు ముందుగా ఇంగ్లీషు వ్రాత చదువగలుగవలెనని కోరెను. 899లో అతడు మరణించెను. ఇంటిలో మాటలాడు భాష చదువుకొను భాషగా నిలువవలెనని రాజే పూనుకొనుట లోకమున తఱచుగా జరుగునది కాదు.

రాయలవారును అట్టివారే. వారి వంశనామము తుళునాటిని తలపించును. రాజధాని కన్నడదేశమున నుండెను. వారి శాసనములు కన్నడ, తెలుగు, తమిళ, సంస్కృతములలో కలవు. మదాలసచరిత్ర మొదలగు సంస్కృత గ్రంథములు వ్రాసిన కవి వారు. అట్టివారికి కళింగ దండయాత్ర సమయమున, కృష్ణాతీరమందలి శ్రీకాకుళమున ఏకాదశి వ్రతమున్న రాత్రి, ఆంధ్రవిష్ణువు కలలో కనబడి తెలుగున కావ్యము వ్రాయుమని ఆనతిచ్చెనట. అదియే ఆముక్తమాల్యద.

ఈ సందర్భమున మనము గమనింపవలసిన విశేష మొకటి కలదు. తెలుగు దేవుడు, తెలుగు గడ్డపై, తెలుగులో వ్రాయుమని కోరిన కథ ఎక్కడిది? తమిళదేశమున శ్రీవిల్లిపుత్తూరులో పూలదండలు కట్టిన గోదాదేవిది. విష్ణుచిత్తుడన తమిళులు పెరియాళ్వారని కొలుచు మహనీయుడు. మాలదాసరి పాడుచు నడచిన త్రోవ తమిళనాటి దక్షిణపుటంచున నున్న తిరుక్కురుంగుడికి పోవు త్రోవ. మధుర నగరమును, పాండ్యుని కొలువును ఆ కావ్యమున తెలుగు మాటలతో వెలసినవి. పొరుగువాని కథను ప్రేమతో గైకొని తన భాషలో చెప్పుటవలన రాయలకు తమిళముపై గౌరవము తగ్గలేదు, తెలుగుపై మమకారము సడలలేదు.

ఆ కావ్యములో యామునాచార్యుడు కుమారునకు చెప్పిన రాజనీతి భాగమును కచ్చేరి ఉద్యోగులందరు చదువదగును. చెరువులు, కాలువలు పెంచి, పేదరైతుకు పన్ను తగ్గించినచో చిన్న దేశమైనను ధర్మమునను ధనమునను పెరుగునని అందు కలదు. కష్టము వలన ఊరు విడిచిపోయిన రైతును తిరిగి పిలువక, వాని పశువులు, గింజలు దక్కినవి గదా యని సంతోషించు అధికారిని రాయలు యుద్ధభూమిలోని నక్కతో పోల్చిరి. వానలు తప్పిన యేట మా ప్రాంతపు పల్లెలనుండి బెంగుళూరు కూలికి పోయిన కుటుంబముల భూములు జమాబందీ లెక్కలలో కనబడినప్పుడెల్ల ఆ పోలిక మాకు జ్ఞప్తికి వచ్చెడిది.

రాయల చివరిదినములు సుఖముగా గడువలేదు. చిన్నవాడైన కుమారుడు తిరుమలరాయనికి పట్టము కట్టగా, ఆ బాలుడు కొలది కాలములోనే మరణించెను. ఆ అనుమానము తిమ్మరుసుపై పడి, ఆ వృద్ధమంత్రి కన్నులు పోగొట్టుకొనెనని నూనిజ్ చెప్పుచున్నాడు. 1529లో రాయలు కాలధర్మము నొందిరి. 1565 తరువాత ఆ మహానగరము పాడుపడెను. వారు కాళహస్తిలో కట్టించిన గాలిగోపురము సయితము 2010 మే నెలలో కూలిపోయెను. తాటాకులపై వ్రాసిన పద్యములు మాత్రము కూలలేదు. చదివినవారు, చదివించినవారు, నకళ్లు వ్రాసినవారు తరతరములుగా నుండుటయే దానికి కారణము.

ఇట్టివారు మన ప్రాంతమున ఇకముందు నుందురా యనునదే మమ్ము కలతపెట్టు ప్రశ్న. 1953లో ఆంధ్రరాష్ట్రము, 1956లో భాషారాష్ట్రములు ఏర్పడినప్పుడు హోసూరు మద్రాసు రాష్ట్రముననే నిలిచెను. ఆ కాలపు వాదములు ఇప్పుడు తవ్వ నవసరము లేదు. ఈ నేల మనకు అన్నము పెట్టెను. తమిళము మా ఉద్యోగభాష. ఆ భాషలో వేలకొలది అర్జీలు చదివితిమి. 2006లో వచ్చిన చట్టమువలన బడులలో తమిళము నిర్బంధమయ్యెను. పిల్లలు దానిని చక్కగా నేర్చుట మంచిదే. చింత వేరు. ఉద్యోగవిరమణ పిదప మా ఇంటికి యువకులు తాతలనాటి కాగితములు తెచ్చుచుందురు. ఒకడు క్రయపత్రము, మరియొకడు పెండ్లినాటి ఉత్తరము. గడగడ తెలుగు మాటలాడుదురు గాని అక్షర మెరుగరు. “తాతా, ఇందులో ఏముందో చదివి చెప్పు” అని కూర్చుందురు. ఇటీవల ఒక పిల్లవాడు తన అవ్వ వ్రాసిన ఉత్తరమును మాచేత రెండుమారులు చదివించుకొని, మడిచి, జేబులో పెట్టుకొని మౌనముగా వెళ్లెను. తన అవ్వ మాటను పరాయివాని నోట వినవలసివచ్చెను గదా! ఆల్ఫ్రెడ్ పడిన దుఃఖము మాకు ఆనాడు బోధపడెను.

అక్షరములు నేర్పుటకు బడియే కావలెనని నియమము లేదు. ఆల్ఫ్రెడ్ బాలుడై యుండగా, తల్లి ఒక ఇంగ్లీషు పద్యముల పుస్తకము చూపి, ముందుగా నేర్చినవారికి ఇత్తునని కొడుకులతో అనెనట. చదువురాని ఆ చిన్నవాడే గురువువద్ద దానిని నేర్చి ఒప్పగించి పుస్తకము గెలుచుకొనెనని అతని చరిత్ర వ్రాసిన ఆసర్ చెప్పెను. మన తల్లులకును అది అసాధ్యము కాదు. దినమునకు అరగంట, ఒక పలక, ఒక కథల పుస్తకము చాలును. ధనుర్మాసమున వేకువజామున మన కోవెలలలో తిరుప్పావై వినబడును. అప్పుడు బిడ్డ “ఆండాళ్ ఎవరమ్మా?” అని అడిగినచో, తమిళ పాశురమును తమిళముననే విననిచ్చి, ఆమె కథను తెలుగు పుస్తకము తెరచి చదివి వినిపింపుడు. మరుసటి యేట ఆ పుటను బిడ్డచేతనే చదివింపుడు.