ఎడ్ షీరన్ తెలుగులో పాడిన రాత్రి

లైవ్ కాన్సర్ట్‌కి అంత డబ్బు ఎందుకు, యూట్యూబ్‌లో వినొచ్చుగా అంటాడు మా రూమ్మేట్. నిజమే, పాట కోసమే అయితే మంచి హెడ్‌ఫోన్స్ చాలు. కానీ కొన్ని టికెట్లు పక్కన నిలబడే మనిషి కోసం కొంటాం. నాకు అలాంటి టికెట్ 2025 ఫిబ్రవరి 9, ఆదివారానిది.

మాది రాజోలు. ఉద్యోగం బెంగళూరులో. తనది మైసూరు. ఆఫీసులో పరిచయమై అప్పటికి రెండేళ్లు. తనకి తెలుగు రాదు. నాకు కన్నడ ఆటోవాళ్లతో బేరం ఆడేంత వచ్చు. మిగతాదంతా ఇంగ్లిష్‌లో నడిచిపోతోంది. ఇద్దరిళ్లలోనూ ఇంకా ఎవరికీ తెలీదు.

ఎడ్ షీరన్ ఆ టూర్‌లో పుణె, హైదరాబాద్, చెన్నై, బెంగళూరు, షిల్లాంగ్, గురుగ్రామ్ తిరిగాడు. చెన్నైలో రెహమాన్ స్టేజీ ఎక్కిన రీల్స్ అప్పటికే ఫోన్ల నిండా ఉన్నాయి. బెంగళూరులో రెండు రోజులు, 8న, 9న, నైస్ గ్రౌండ్స్‌లో. మాకు దొరికింది రెండో రోజు.

మొదటి రోజు భీష్మ ఏకాదశి. అంటే మా వైపు అంతర్వేది తీర్థం. అమ్మ నరసింహస్వామి రథం వీడియో వాట్సాప్‌లో పెట్టి, వెనకే ఫోన్ చేసింది. "వచ్చే తీర్థానికి జంటగా రావాలిరా. ఓ సంబంధం ఉంది, ఫొటో పంపిస్తాను చూడు." ఊ కొట్టి పెట్టేశాను.

ఆదివారం పొద్దున ఎడ్ షీరన్ చర్చ్ స్ట్రీట్ ఫుట్‌పాత్ మీద పాడుతుంటే పోలీసులు ఆపేసిన వీడియో చూసి నవ్వుకుంటూ, సాయంత్రం మెట్రోలో మాదావర దాకా వెళ్లాం.

ఆయన కాళ్ల దగ్గర లూప్ పెడల్ ఉంటుంది. గిటార్ చెక్క మీద తట్టి ఆ చప్పుడు రికార్డ్ చేస్తాడు. అది తిరుగుతుంటే దాని మీద గిటార్, ఆ పైన తన గొంతు. ఒక్క మనిషే బ్యాండ్ అయిపోతాడు. ఒక్క తట్టు టైమింగ్ తప్పిందా, ఆ తప్పు కూడా పాటతో పాటు తిరుగుతూనే ఉంటుంది. ఇంజినీర్‌ని కదా, ఇదంతా ఉత్సాహంగా వివరిస్తుంటే "ముందు పాట విను" అని నోరు మూయించింది తను.

ఇంతలో శిల్పా రావు స్టేజీ మీదకి వచ్చారు. 'దేవర'లో చుట్టమల్లే పాడింది ఆవిడే. అనిరుధ్ సంగీతం, రామజోగయ్యశాస్త్రి సాహిత్యం. ఆవిడ పాడతారు, ఈయన గిటార్ వాయిస్తాడు అనుకున్నా. ఈయనా అందుకున్నాడు, తెలుగులో! ఒక్కసారిగా గ్రౌండంతా కేకలు. బెంగళూరులో తెలుగువాళ్లం ఇంతమంది ఉన్నామా అనిపించింది.

తను కూడా గొంతు కలిపింది. రీల్స్ పుణ్యమా అని పల్లవంతా నోటికి వచ్చు, అర్థమే తెలీదు. నా చెవి దగ్గరకొచ్చి అడిగింది.

"చుట్టమల్లే అంటే?"

"చుట్టం అంటే బంధువు. చుట్టంలాగా అని."

"నెంటర తరానా?" అని ఒక్క క్షణం ఆగింది. "మరి నన్ను మీ ఇంటికి చుట్టంలా ఎప్పుడు పిలుస్తావు? మా వాళ్లు సంబంధాలు చూస్తున్నారు. ఉగాదిలోపు ఏదో ఒకటి చెప్పాలి నేను."

అంత గోలలో వినపడనట్టు ఉండిపోవచ్చు. కానీ తన మొహంలో నవ్వు లేదు. "ఈ వారమే చెప్తా" అన్నాను.

మర్నాడు ఆ క్లిప్ ఎక్కడ చూసినా అదే. ఎన్టీఆర్ కూడా మెచ్చుకుంటూ పోస్ట్ పెట్టాడు. రాత్రి అమ్మ ఫోన్. "ఎవరో తెల్లాయన మన ఎన్టీఆర్ పాట పాడాడంట, చూశావా?"

"అక్కడే ఉన్నానమ్మా."

"ఎవరితో వెళ్లావురా?"

చెప్పేశాను. అవతల టీవీ సౌండ్ ఆగిపోయింది. "మనవాళ్లేనా?" అంది ముందు. కాదన్నాను. చాలాసేపు మాట లేదు. "తెలుగొచ్చా ఆ పిల్లకి?"

"ఒక్క పాట వచ్చు."

ఫోన్ పెట్టేసింది. రెండు రోజులు అటునుంచి కాల్ లేదు. ఆ రెండు రోజులూ నేను రాసిన కోడ్ దేవుడికే ఎరుక. మూడో రోజు అమ్మే చేసింది. "ఎండాకాలంలో ఓసారి తీసుకురా. చుట్టంలాగే, అంతకు మించి ఏం అనకు. మీ నాన్నకి నేను మెల్లగా చెప్తాను."

మా వైపు చుట్టం గుమ్మంలోకి వస్తే ఎందుకొచ్చావని అడగరు. ముందు కాళ్లకి నీళ్లిస్తారు, బొండం కొట్టిస్తారు, విస్తరి వేస్తారు. ఏ సంగతైనా భోజనాలయ్యాకే. అమ్మ ఆ మాట వాడిందంటే తలుపు మొత్తం తెరిచినట్టు కాదు. అలాగని గడియ పెట్టినట్టూ కాదు.

మామిడిపళ్ల రోజుల్లో చించినాడ వంతెన దాటించి తనని ఇంటికి తీసుకెళ్లాను. నాన్న పేపర్ మడిచి, తనవైపు చూసి అన్న మొదటి మాట, "భోంచేద్దురుగాని, కాళ్లు కడుక్కోండమ్మా." తనకి ఒక్క ముక్క అర్థం కాలేదు. బుద్ధిగా తలూపింది. తిరిగొచ్చేటప్పుడు అమ్మ తన సంచిలో పూతరేకుల డబ్బా పెట్టింది.

పెళ్లి మాట ఇంకా ఖాయం కాలేదు. నాన్న ఆ సంగతి ఎత్తడం లేదు, వద్దనీ అనడం లేదు. తను మాత్రం రోజుకో తెలుగు మాట నేర్చుకుంటోంది. నిన్నటి మాట, వియ్యంకులు.