చివరి గంట లెక్క

అశోక్‌నగర్‌లో నాలుగడుగులు వేస్తే ఒక కోచింగ్ సెంటర్, ఇంకో నాలుగడుగులు వేస్తే హాస్టల్, దాని పక్కనే జిరాక్స్ షాపు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ కోసం పొద్దున్నే పోటీ. అటు నారాయణగూడ దాకా ఎటు చూసినా భుజాన పుస్తకాల సంచీతో నడిచే పిల్లలే. 2022లో గ్రూప్-1 కింద 503 పోస్టులకు ప్రకటన వస్తే 3.80 లక్షల మంది దరఖాస్తు చేశారు. ఒక్కో పోస్టుకు 750 మందికి పైనే!

ఈ గల్లీల్లో అందరికీ బాగా అలవాటైన ఇంగ్లిషు మాట ఒకటుంది... ‘సర్వర్ డౌన్’.

సర్వర్లకు లెక్కలు వేయడమే నా ఉద్యోగం. ఆ సంగతి తెలిసి మా మేడమీద గదిలో అద్దెకుండే కుర్రాడు ఒకరోజు నిలదీశాడు. “అన్నా, ఆఖరి తారీఖు నాడే సైటు ఎందుకు ఆగుతది? ఎంతమంది వస్తరో వాళ్లకు తెల్వదా?” ఏదో పరీక్షకు ఫీజు కట్టే పేజీ దగ్గర చక్రం తిరుగుతూ తిరుగుతూనే గడువు దాటిపోయిందట. “ఏడాది పోయిందన్నా” అన్నాడు. వాడి ప్రశ్నలో న్యాయముంది. జవాబు కూడా ఉంది.

పెద్ద సైటు వెనక ఒక కంప్యూటర్ ఉండదు, చాలా ఉంటాయి. వాటి ముందు ‘లోడ్ బ్యాలెన్సర్’ ఉంటుంది. పెళ్లి భోజనాల దగ్గర నిలబడి, “మీరిటు రండి, ఆ వరసలో రెండు కుర్చీలు ఖాళీ” అని పంపించే పెద్దమనిషిని గుర్తు చేసుకోండి. అదే పని. వచ్చినవారిని వంతులవారీగా పంపుతుంది, లేదంటే తక్కువమంది ఉన్న చోటికి పంపుతుంది. కొన్ని సెకన్లకోసారి ప్రతి సర్వర్‌నూ పలకరిస్తుంది. పలకని సర్వర్ వైపు ఎవరినీ పంపదు.

ఒకప్పుడు ఇదొక ప్రత్యేకమైన పెట్టె. క్లౌడ్ వచ్చాక చాలాచోట్ల ఇదొక సాఫ్ట్‌వేర్ మాత్రమే. అద్దెకు తీసుకున్న వర్చువల్ మెషిన్‌లో నడుస్తుంది. అంటే దానికీ ప్రాసెసర్, మెమరీ, నెట్‌వర్క్ కొలిచి ఇవ్వాలి. అసలు చిక్కు ఇక్కడే. వెనక సర్వర్లు పది కావాలా, ఇరవై కావాలా అని గంటలకొద్దీ చర్చిస్తారు. గుమ్మంలో పెద్దమనిషిని మాత్రం ఎవరూ లెక్కలో వేయరు. ఆయన సొమ్మసిల్లితే లోపల వంద విస్తళ్లు వేసి ఏం లాభం?

మరి ఎంత ఇవ్వాలి? దీనికో చక్కటి సూత్రం ఉంది. జాన్ లిటిల్ అనే అమెరికన్ ఆచార్యుడు 1961లో నిరూపించాడు. టిఫిన్ సెంటర్‌కు నిమిషానికి పదిమంది వస్తూ, ఒక్కొక్కరు 20 నిమిషాలు కూర్చుంటే, లోపల ఎప్పుడూ 200 మంది ఉంటారు. అంతే!

ఇప్పుడు దరఖాస్తుల సంగతి. చివరి గంటలో లక్షమంది వచ్చారనుకుందాం. ఫారం నింపి, ఫొటో పెట్టి, ఫీజు కట్టడానికి 20 నిమిషాలు. ఒకే సమయంలో సైటులో ఉండేవారు సుమారు 33 వేలు. సైటు కాస్త నెమ్మదించి అదే పనికి 40 నిమిషాలు పట్టిందనుకోండి. కొత్తగా ఒక్కరూ ఎక్కువ రాకుండానే లోపలివారు 66 వేలవుతారు. దాంతో సైటు ఇంకా నెమ్మదిస్తుంది. జనం కంగారుపడి రిఫ్రెష్ కొడతారు, ఇంకో ఫోన్‌లో తెరుస్తారు, నెట్ సెంటర్‌కు పరుగెడతారు. ఒక్కరు కాస్తా ముగ్గురవుతారు.

గుమ్మం దగ్గరి ఖర్చులూ రకరకాలు. తాళం గుర్తుండే సురక్షిత కనెక్షన్ మొదలయ్యేటప్పుడు జరిగే రహస్య సంకేతాల మార్పిడికి ప్రాసెసర్ కావాలి. తెరిచి ఉన్న ప్రతి కనెక్షన్‌కూ కొంత మెమరీ కావాలి. వెనకనున్న సర్వర్‌తో కలిపే ప్రతి కనెక్షన్‌కూ ఒక పోర్టు నంబరు కావాలి. ఒక ఐపీ అడ్రస్‌కు ఉండేవి 65,535. లినక్స్ మామూలు సెట్టింగుల్లో ఇందుకు వాడనిచ్చేది సుమారు 28 వేలే. ప్రాసెసర్ ఖాళీగానే ఉన్నా పోర్టులు అయిపోయి సైటు ఆగిపోవచ్చు. పైగా క్లౌడ్‌లో ‘ఒక వీసీపీయూ’ అంటే చాలాచోట్ల పూర్తి ప్రాసెసర్ కోర్ కాదు, అందులో ఒక పాయ మాత్రమే.

ఇక జంట సంగతి. ఒకటి చెడిపోతే ఇంకొకటి ఉంటుందని రెండు లోడ్ బ్యాలెన్సర్లు పెడతారు. రెండూ 70 శాతం బరువు మోస్తున్నాయనుకోండి. ఒకటి పడిపోతే రెండోదాని నెత్తిన 140 శాతం! అదీ పడిపోతుంది. అందుకే ఎంత రద్దీలోనూ ఒక్కోటి సగానికి మించకూడదు. “సగం ఖాళీగా ఉందిగా, డబ్బు దండగ” అనే మాట ప్రతి మీటింగులోనూ వస్తుంది. ఆ ఖాళీ సగమే ఆపద్ధర్మం.

దేశమంతా ఈ రద్దీని ఒక్కసారిగా చూసిన రోజు 2021 ఏప్రిల్ 28. పద్దెనిమిదేళ్లు దాటినవారికి కొవిన్‌లో నమోదు సాయంత్రం 4 గంటలకు మొదలైంది. మొదట్లో నిమిషానికి 27 లక్షల అభ్యర్థనలు వచ్చాయని ప్రభుత్వం చెప్పింది. చాలామందికి సైటు తెరుచుకోలేదు, ఓటీపీ రాలేదు. అయినా తేరుకుంది. మూడు గంటల్లో సుమారు 80 లక్షల మంది నమోదయ్యారు. 4 గంటలకని ముందే చెప్పాక జనం నాలుగింటికే వస్తారు. రోజు మొత్తాన్ని 24 గంటలతో భాగిస్తే వచ్చే సగటు అక్కడ ఎందుకూ పనికిరాదు.

“రద్దీ పెరిగితే క్లౌడ్ తనే పెరుగుతుంది కదా” అంటారు కొందరు. పెరుగుతుంది, కానీ కొత్త మెషిన్ లేచి పనిలో పడటానికి నిమిషాలు పట్టవచ్చు. రద్దీ సెకన్లలో వస్తుంది. చివరి తారీఖు ఎప్పుడో ప్రకటన రోజే తెలుసు కనుక ముందురోజే మెషిన్లు పెంచి ఉంచుకోవాలి, ఉత్తుత్తి రద్దీ సృష్టించి పరీక్షించుకోవాలి. అమెజాన్ క్లౌడ్ కేంద్రాలు 2022 నవంబరు నుంచి మన హైదరాబాద్‌లోనే ఉన్నాయి. రెండు రోజులకు అద్దెకు తీసుకుని మూడోరోజు వదిలేసే సౌకర్యం ఉన్నప్పుడు, ఏడాది పొడవునా ఖర్చనే సాకు చెల్లదు.

అన్నీ చేశాక కూడా అంచనా తప్పవచ్చు. అప్పుడేం చేయాలో మన పోలింగ్ బూత్‌లో ఎప్పటి నుంచో తెలుసు. గడువు ముగిసేసరికి వరసలో ఉన్నవారందరికీ చీటీలిస్తారు. అదీ చిట్టచివరి మనిషి నుంచి మొదలుపెట్టి. చీటీ ఉన్నవారు ఎంత పొద్దుపోయినా ఓటు వేసే వెళతారు. కంప్యూటర్ల వరసకూ ఇదే పద్ధతి పెట్టవచ్చు. వచ్చినవారికి టోకెన్ ఇచ్చి, టోకెన్ ఉన్నవారి పని పూర్తయ్యేదాకా గేటు తెరిచి ఉంచడానికి పెద్ద ఖర్చేమీ కాదు. ప్రణాళిక కాగితం మీద ఒక వాక్యం ఎక్కువ రాయాలి, అంతే.