ఉప్పల్ రోడ్డు మీద నాలుగు గేట్లు

హైదరాబాదు చూడబోయినవారు చార్మినారు చూస్తారు. సాలార్‌జంగు మ్యూజియంలో గడియారం గంట కొట్టే వేళకు కాచుకుని కూర్చుని, బొమ్మ బయటికి రాగానే పిల్లల్ని భుజాల మీదికెత్తి చూపిస్తారు. గోలకొండ మెట్లెక్కి దిగి, మోకాళ్ళు పట్టుకుని, సాయంకాలం టాంకుబండు మీద మొక్కజొన్న కండెలు తిని, ఊరంతా చూసేశామనుకుని రైలెక్కుతారు. ఉప్పల్ రోడ్డు చూసి వచ్చామన్నవారిని నేనింతవరకు ఎరుగను. నిజం చెప్పాలంటే అది అంత చూడముచ్చటైన రోడ్డూ కాదు. నెత్తిమీద మెట్రో రైలు, కింద బస్సుల రొద, మధ్య దుమ్ము.

అయినా ఆ రోడ్డుకొక విశేషం వుంది. ఉప్పల్‌లో మెట్రో ఎక్కి తార్నాకలో దిగితే పట్టుమని పది నిమిషాలు. ఆ పది నిమిషాల దారిలో భూమి కడుపులోని సంగతులు చూసేవారొకరు, ప్రాణి కణంలోని సంగతులు చూసేవారొకరు, మందులకూ రసాయనాలకూ తయారీ మార్గాలు వెదికేవారొకరు, మనం తినే తిండి మన ఒంటికేం చేస్తున్నదో లెక్క కట్టేవారొకరు – నాలుగు జాతీయ సంస్థలు, వాటి చివర వందేళ్ళు దాటిన విశ్వవిద్యాలయం ఒకటి. నాలుగింటికీ పెద్ద గేట్లు, గేటుకొక కాపలావాడు. బి. యస్సీ. చదివే మన పిల్లలు ఎందరో ఆ గేట్ల ముందునుంచి బస్సుల్లో పోతూనే వుంటారు. లోపలికి తమకూ దారి వుందని వాళ్ళలో తెలిసినవాళ్ళు తక్కువ.

నేను సైన్సు మనిషిని కాను. తెలుగు పాఠం చెప్పుకుని బ్రతికేవాణ్ణి. వరంగల్ రోడ్డు మీద ఒక చిన్న వూళ్ళో డిగ్రీ కాలేజీ మాది. సెప్టెంబరు 26 సి. యస్. ఐ. ఆర్. పుట్టినరోజు. 1942లో ఆ రోజున అది ఏర్పడింది. ఆ సందర్భంలో దాని ప్రయోగశాలలు విద్యార్థులకు తలుపులు తీస్తాయి. మా పిల్లలు ముప్ఫయిమంది బయలుదేరారు. వెంట వెళ్ళవలసిన కెమిస్ట్రీ మాస్టారికి ముందురోజు జ్వరం తగిలింది. ప్రిన్సిపాలుగారు స్టాఫ్ రూములోకి వచ్చి చుట్టూ చూశారు. ఖాళీగా కూర్చున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

“ప్రయోగశాలకు తెలుగు మాస్టారెందుకండీ?” అన్నాను.

“పిల్లల్ని లెక్కపెట్టుకోవడానికి సైన్సు అక్కర్లేదు లెండి” అన్నారాయన.

ఆ విధంగా వెళ్ళాను.

మొదటి గేటు ఎన్. జి. ఆర్. ఐ. మెట్రో స్టేషనుకు కూడా ఆ పేరే. “ఎన్. జి. ఆర్. ఐ.లో దిగుతాం” అంటారు గాని, ఆ నాలుగు అక్షరాలకూ విప్పు చెప్పమంటే చాలామంది తల గోక్కుంటారు. జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ అది. 1961లో మొదలైంది. భూకంపాలు, నేలలోపలి నీరు, ఖనిజాలు, భూమి అయస్కాంత శక్తి – వీటి లెక్కలన్నీ అక్కడ. మహారాష్ట్రలో 1967లో కోయనా ఆనకట్ట దగ్గర భూమి కంపించింది. జలాశయంలో నీటి బరువుకూ, ఆ కంపాలకూ వున్న సంబంధాన్ని ఏళ్ళ తరబడి పరిశీలించినవారిలో వీరు ముఖ్యులు. 1983లో అంటార్కిటికా యాత్రకు నాయకత్వం వహించిన హర్ష్ గుప్తాగారు తరువాత ఈ సంస్థకే డైరెక్టరుగా పనిచేశారు. మా పిల్లల్లో జియాలజీ చదివేవారు లేరు. “ఫిజిక్సూ, లెక్కలూ వచ్చినవాళ్ళకు కూడా ఇక్కడ పని వుంది. జియోఫిజిక్సు ఎమ్మెస్సీ ఉస్మానియాలో వుంది, వాల్తేరులో వుంది” అని అక్కడి ఉద్యోగి ఒకాయన చెబితే, లెక్కల గ్రూపు కుర్రాళ్ళు ఇద్దరు చప్పున పుస్తకాలు తీసి రాసుకున్నారు.

అక్కణ్ణుంచి ఒక్క స్టేషను ముందుకు పోతే హబ్సిగూడ. అక్కడ సి. సి. యం. బి. – కణ, అణుజీవశాస్త్ర కేంద్రం. 1977లో పక్కనున్న రసాయన ప్రయోగశాల కడుపులోనే పుట్టి, పుష్పమిత్ర భార్గవగారి పెంపకంలో పెరిగి, 1987 నాటికి సొంత యింటిదయింది. నేరస్థుల్ని పట్టివ్వడానికి, బిడ్డ తండ్రెవరో తేల్చడానికి కోర్టులు నమ్మే డి. యన్. ఏ. వేలిముద్ర పద్ధతిని మన దేశంలో నిలబెట్టిన లాల్జీ సింగుగారు పనిచేసింది యిక్కడే. ఆయన ఉత్తరప్రదేశ్‌లో జౌన్‌పూర్ జిల్లా పల్లెటూరి రైతుబిడ్డ. ఈ మాట పిల్లలకు నేను రెండుసార్లు చెప్పాను, డి. యన్. ఏ. గురించి చెప్పడం నాకెలాగూ రాదు గనుక.

ఒక బల్ల మీద వరి మొక్కలు రెండు కుండీల్లో పెట్టారు. ఒకదాని ఆకులు చివర్లనుంచి ఎండి గడ్డి రంగుకు తిరిగాయి. రెండోది పచ్చగా వుంది. రెండూ సాంబమసూరే అన్నారు.

మా వాళ్ళలో బాటనీ చదివే అమ్మాయి ఒకతె అంతవరకు వెనకాలే నిలబడి వుంది. మనుషుల్ని తోసుకుంటూ ముందుకు వచ్చింది. “సార్, ఇది మా చేన్ల రోగమే” అంది నాతో.

బాపట్లలో పుట్టిన సాంబమసూరి – బి. పి. టి. 5204 – మన యిళ్ళల్లో తినని పూట లేదు. సన్నబియ్యం, రుచి, ధర అన్నీ వున్నాయి గాని, బాక్టీరియా ఎండాకు తెగులుకు తట్టుకోలేదు. సి. సి. యం. బి. వారూ, రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థవారూ కలిసి, ఆ తెగులును ఆపే జన్యువులు మూడు వున్న వరితో దీన్ని సంకరపరచి, పుట్టిన ప్రతి తరంలోనూ ఆ మూడూ వచ్చాయా లేదా అని డి. యన్. ఏ. గుర్తులతో పరీక్షించి ఏరుకుంటూ పోయారు. మామూలు సంకరమే, కాకపోతే పంట పండేదాకా ఆగి చూడకుండా మొలకలోనే చూసి ఏరుకోవడం. 2008లో ఆ మెరుగుపరచిన సాంబమసూరి రైతులకు విడుదలయింది. గింజ అదే, రుచి అదే.

అమ్మాయి అడిగిన ప్రశ్నలు నాకు గుర్తున్నాయి. ఒక జన్యువు చాలదా, మూడెందుకు? దానికి సమాధానం – సూక్ష్మజీవి కూడా తెలివైనదే, ఒక తాళమైతే కొన్నాళ్ళకు తీయడం నేర్చుకుంటుంది, మూడు తాళాలైతే కష్టం. మరి ఈ విత్తనం మా వూళ్ళో ఎవరికీ ఎందుకు తెలియదు? దీనికి మాత్రం బల్ల వెనకనున్న అమ్మాయి కాసేపు ఆలోచించి, “అది మా చేతుల్లో లేదమ్మా” అంది. “మా నాయిన అడిగితె ఏం జెప్పాలె మరి?” అంది మా అమ్మాయి. అడిగిన తీరుకు చుట్టూ వున్నవారు నవ్వారు గాని, తాను నవ్వలేదు.

బల్ల వెనకనున్న ఆ అమ్మాయి పరిశోధన విద్యార్థిని. ఆమె కూడా ఒక ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చదివి వచ్చిందే. తెలుగులో మాట్లాడుతున్నదని కనిపెట్టగానే మా పిల్లలు ఆమెను చుట్టుముట్టి, సైన్సు మాని సంసారం సంగతులు అడగడం మొదలుపెట్టారు. జీతమిస్తారా? ఇస్తారు, జీతమనరు, ఫెలోషిప్పంటారు. ఎమ్మెస్సీ తరువాత సి. యస్. ఐ. ఆర్., యు. జి. సి. కలిసి నడిపే నెట్ పరీక్షలో జె. ఆర్. యఫ్. అర్హత తెచ్చుకుంటే, 2023 జనవరి నుంచి అమలైన లెక్క ప్రకారం మొదటి రెండేళ్ళు నెలకు 37,000, ఆ తరువాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె వేరు. “మా అమ్మకు మాత్రం యింకా నమ్మకం లేదు. ‘మీ అమ్మాయేం చేస్తున్నది?’ అని ఎవరైనా అడిగితే ‘యింకా చదువుతూనే వుందండీ’ అని సిగ్గుపడుతూ చెబుతుంది” అందామె.

ఇందులో తీపి ఒక్కటే చెప్పి చేదు దాచడం న్యాయం కాదు. ఆ అమ్మాయే చెప్పింది, అయిదేళ్ళకు ఫెలోషిప్పు ఆగిపోతుందని, డాక్టరేటు అయినవారందరికీ వేసేటన్ని శాశ్వతోద్యోగాలు లేవని, కొందరు విదేశాలకు పోతారని, కొందరు కంపెనీలకు పోతారని, కొందరు ముప్ఫయి దాటాక కూడా ఏడాది ఏడాదికీ కాంట్రాక్టు చూసుకుంటూ గడుపుతారని. ఇంజనీరింగు సీటుకు పొలం అమ్మే తలిదండ్రులు మన వూళ్ళల్లో వున్నారు. పిల్లవాడు బి. యస్సీ.లో చేరితే “ఏ సీటూ రాలేదా?” అని పరామర్శించేవారూ వున్నారు. ఈ మధ్యన యింకొక దారి వుందని, అది పూలదారి కాకపోయినా నడవదగిన దారేనని చెప్పేవారు ఎవరు?

ఆ పక్క గేటు ఐ. ఐ. సి. టి. – భారత రసాయన సాంకేతిక సంస్థ. పాతవారికి ఆర్. ఆర్. యల్. అంటేనే తెలుస్తుంది. 1944లో నిజాం ప్రభుత్వం పెట్టిన ప్రయోగశాల 1956లో సి. యస్. ఐ. ఆర్.లో కలిసింది. హైదరాబాదు చుట్టూ యిన్ని మందుల ఫాక్టరీలు లేచాయంటే దానికి ఒక కారణం ఈ సంస్థ, మరొక కారణం బాలానగర్ వైపున వచ్చిన ప్రభుత్వ మందుల కర్మాగారం ఐ. డి. పి. యల్. ఎయిడ్స్ మందు ఏ. జెడ్. టి.ని మనదేశంలో చవకగా తయారుచేసే మార్గం చూపిన ఏ. వి. రామారావుగారు ఐ. ఐ. సి. టి. డైరెక్టరుగా పనిచేశారు. ఐ. డి. పి. యల్.లో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి బయటికి వచ్చిన అంజిరెడ్డిగారు 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. ఇద్దరూ గుంటూరు ఏ. సి. కాలేజీలో బి. యస్సీ. చదివినవారే. మొదటి చదువు మామూలు బి. యస్సీ.!

ఇక్కడ నేను ఒక కుర్రవాడి సంగతి చెప్పాలి. కెమిస్ట్రీలో మా కాలేజీకే ఫస్టు. వాడి అన్న చౌటుప్పల్ అవతల ఒక మందుల ఫాక్టరీలో షిఫ్టు పని చేస్తాడు. జూన్‌లో డిగ్రీ అయిపోగానే తమ్ముణ్ణి కూడా క్వాలిటీ కంట్రోలులో చేర్చుకుంటామని సూపర్‌వైజరు మాట యిచ్చాడట. తండ్రి లేడు. చెల్లెలు ఇంటరు. ఆ ఉద్యోగం చిన్నదేమీ కాదు, చేతిలోకి వచ్చిన అన్నం ముద్ద.

ఐ. ఐ. సి. టి.లో ఒక గాజు పరికరం ముందు వాడు అరగంట కదలలేదు. అక్కడి శాస్త్రజ్ఞుడొకాయన వాడితో మాట్లాడి, “జామ్ రాస్తున్నావా?” అని అడిగాడు. వాడు నా ముఖం చూశాడు. మాకు రొట్టె మీద రాసే జామ్ ఒక్కటే తెలుసు.

ఐ. ఐ. టి.లలో ఇంజనీరింగే కాదు, ఎమ్మెస్సీ కూడా వుంది. అందులో చేరడానికి జరిగే పరీక్ష అది. ఫిజిక్సు, కెమిస్ట్రీ, లెక్కలు, బయోటెక్నాలజీ మొదలైన ఏడు విషయాల్లో ఫిబ్రవరిలో పెడతారు. బెంగుళూరు సైన్సు ఇన్‌స్టిట్యూట్‌ కూడా ఆ మార్కులు చూస్తుంది. దరఖాస్తులు సెప్టెంబరులో మొదలై అక్టోబరులో ముగుస్తాయి. అనగా మేము వెళ్ళిన రోజున యింకా గడువు వుంది! మా పిల్లలు ఏటా ఏప్రిల్‌లో ఫైనలు పరీక్షలు రాసి, మేలో “తర్వాతేంటి సార్?” అని అడుగుతారు. అప్పటికి గేటు మూసి ఏడు నెలలు. మేలో మిగిలేవి మన రాష్ట్రం పి. జి. ఎంట్రెన్సుల వంటివి. అవీ మంచివే, ఉస్మానియాకు దారి అదే.

ఇంకొకటి కూడా ఆయన చెప్పాడు. బెంగుళూరు, ఢిల్లీ, అలహాబాదుల్లోని మూడు సైన్సు అకాడమీలు కలిసి, డిగ్రీ చదువుతున్నవారిని వేసవిలో రెండు నెలలు పెద్ద శాస్త్రజ్ఞుల దగ్గరికి పంపిస్తాయి. ఖర్చులు వాళ్ళవే. దానికి నవంబరు లోపల అర్జీ పెట్టాలి, ఏం నేర్చుకోవాలనుకుంటున్నావో సొంతమాటల్లో రాయాలి, మాస్టారొకరు సిఫార్సు ఉత్తరం యివ్వాలి.

తార్నాక చౌరస్తా దాటితే పోషకాహార సంస్థ, యన్. ఐ. యన్. వేళ మించిపోవడంతో గేటు బయటినుంచే చూశాము. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు కారణం వెదకడానికి ఒక గదిలో మొదలై, 1958లో హైదరాబాదుకు మకాం మార్చింది. జొన్న అన్నమే తినే పేదవారికి వచ్చే పెలాగ్రా అనే జబ్బు మీద గోపాలన్‌గారు పనిచేసింది యిక్కడే. హోంసైన్సు చదివిన ఆడపిల్లలకు వంట తప్ప ఏముందని అనేవారు ఈ గేటు ఒకసారి చూడాలి.

ఉస్మానియా ఆర్ట్సు కాలేజీ మెట్ల మీద పులిహోర పొట్లాలు విప్పాము. 1939 నాటి ఆ గులాబిరంగు రాతి కట్టడం ముందు కూర్చుంటే నా బోటివాడికి వేరే ఆలోచనలు వస్తాయి. 1918లో ఈ విశ్వవిద్యాలయం పెట్టినప్పుడు బోధన అంతా ఉర్దూలో. అందుకోసం ముందే అనువాదశాఖ నొకదాన్ని పెట్టి సైన్సు పుస్తకాలన్నీ ఉర్దూలోకి దింపారు. అంతకు పన్నెండేళ్ళ ముందు, 1906లో, ఇదే నగరంలో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టి తెలుగులో జీవశాస్త్రమూ, పదార్థవిజ్ఞానమూ అచ్చువేసింది. వెనక సర్కారు లేదు, చందాదారులున్నారు. జామ్ పరీక్ష ఇంగ్లీషులోనే. ఇంటరుదాకా తెలుగులో చదివిన మా కెమిస్ట్రీ కుర్రవాడు ప్రశ్న అర్థమైతే లెక్క తప్పడు. ప్రశ్న అర్థం కావడమే వాడి తంటా. ఇప్పుడు సాయంకాలాలు మా ఇంగ్లీషు మాస్టారు వాణ్ణి కూర్చోబెట్టుకుని పాత ప్రశ్నపత్రాలు చదివిస్తున్నారు. కెమిస్ట్రీ ఆయనకు రాదు, ఇంగ్లీషు వీడికి రాదు. ఇద్దరూ కలిసి ఒక పరీక్ష రాస్తున్నట్లుంది.

బాటనీ అమ్మాయి అకాడమీల అర్జీకి రాసుకున్నది ముందు నాకు చూపించింది. తెలుగులో రాసింది. తమ చేలో తెగులు పట్టిన ఏడు ఆకులు ఏ వైపునుంచి ఎండుతూ వచ్చాయో, ఎన్నాళ్ళకు ఎండాయో, తండ్రి ఏ మందు తెచ్చి చల్లాడో, దానికెంతయిందో అంతా వుంది. నేను దిద్దింది ఒక్క సున్న. ఇంగ్లీషు చేసేటప్పుడు మందు ఖరీదు తీసేద్దామన్నారు ఎవరో. ఆమె ఒప్పుకోలేదు.

కుర్రవాడి అన్న ఒక ఆదివారం ఫాక్టరీ నైట్ షిఫ్టు దిగి, నిద్ర కళ్ళతో తిన్నగా మా యింటికి వచ్చాడు. కాఫీ తాగుతూ అన్నీ విన్నాడు. చాలాసేపు మాట్లాడలేదు.

“సీటొస్తె రెండేండ్లు నేను జూస్కుంట సార్. రాకుంటె జూన్ల ఫాక్టరీకే. మా యింటి సంగతి మీకెరుకే” అన్నాడు.

దరఖాస్తు నంబరు కాగితం మీద రాసివ్వమన్నాడు. తమ్ముడు చెయ్యి చాచాడు గాని, అన్నే పుచ్చుకుని, మడిచి, తన చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పరీక్ష ఫిబ్రవరిలో.