ఎంపిక కాని యోసేపు



డిసెంబరు వచ్చిందంటే మా కోనసీమ పాస్టర్లకు కాలు నిలవదు. ఈ ఊళ్ళో సెమీ క్రిస్మస్, ఆ పేటలో సెమీ క్రిస్మస్, మధ్యలో ఇంటింటి పాటలు. అయినా మొన్న శనివారం ఒక పూటంతా హైస్కూలు గ్రౌండులో కూర్చున్నాను. కబడ్డీ జిల్లా జూనియర్ జట్టుకు ఎంపికలు జరిగాయి. రోడ్డు మీద పోతున్న మా సంఘ పెద్ద ఒకాయన బండి ఆపి, "అయ్యగారండీ, బరి దగ్గర తమరేటండి?" అన్నారు. సంక్రాంతికి నెల ముందు మా వైపు బరి అనే మాట వినబడితే కోడిపందెమే గుర్తొస్తుంది మరి. "మన పిల్లలు ఆడుతున్నారు బాబూ" అన్నాను. రెండు నిమిషాలు చూసి పోదామని దిగినాయన భోజనం వేళ దాటినా కదల్లేదు.

సార్వా కోతలు అయిపోయాయి. గ్రౌండు పక్క చేలో ఇంకా కుప్పలున్నాయి, రోడ్డు మీద సగం మేర ధాన్యం ఆరబోశారు. మన డెల్టా నల్లమట్టి సంగతి మీకు తెలుసు. తడిస్తే బంక, ఎండితే రాయి. అలాంటి నేల మీద పడితే మోకాలి చర్మం ఊడొస్తుంది. అందుకని రెండు రోజుల ముందే కుర్రాళ్ళు పలుగులతో నేల తవ్వి, గడ్డలు చితక్కొట్టి, ఇసకా ఊకా కలిపి, నీళ్ళు చల్లి, కాళ్ళతో తొక్కి మెత్తగా చేశారు. ముగ్గుతో గీతలు గీశారు. 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. పెద్ద పోటీలన్నీ ఇప్పుడు మ్యాట్ మీదే, అక్కడ బూట్లు వేసుకుని ఆడాలి. ఇక్కడ మాత్రం వట్టి కాళ్ళే. ఈ తేడా గుర్తుంచుకోండి, తరవాత పనికొస్తుంది.

ముందు తూకం. జూనియర్ కుర్రాళ్ళకు పెట్టిన బరువు దాటకూడదు. తెల్లవారి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టకుండా వచ్చినవాళ్ళున్నారు. ఒక బొద్దు కుర్రాడు అరకేజీ ఎక్కువ తూగాడు. చొక్కా మీద చొక్కా వేసుకుని గ్రౌండు చుట్టూ పరుగు మొదలెట్టాడు. వాడి నాన్న వెనకాలే సైకిల్ మీద, "ఉమ్మెయ్యరా, ఉమ్మెయ్యి" అని అరుస్తూ తిరుగుతున్నాడు. ఉపవాస కూడికల్లో కూడా అంత నిష్ఠ నేను చూడలేదు. మొత్తానికి ముల్లు దిగింది, అందరూ చప్పట్లు కొట్టారు.

ఆట తెలియని అమ్మలకోసం రెండు మాటలు. ఒక్కో వైపు ఏడుగురు. ఒకడు కూత పెట్టుకుంటూ అవతలి వాళ్ళ బరిలోకి వెళ్ళాలి. 30 సెకన్లలో ఎవరినైనా తాకి తిరిగి గీత దాటాలి. తాకినవాడు క్షేమంగా తిరిగొస్తే తాకబడ్డవాడు బయటికి పోతాడు. వాళ్ళే పట్టుకుంటే వెళ్ళినవాడు పోతాడు. మా చిన్నప్పుడు చెడుగుడులో దీన్ని చచ్చాడు అనే అనేవాళ్ళం. చచ్చినవాడు గీత బయట కూర్చుంటాడు. వాడంతట వాడు ఎంత బలవంతుడైనా లోపలికి రాలేడు. వాడి జట్టువాడు ఎవడో ఒకడు పాయింటు తెస్తేనే వాడు బతుకుతాడు. అదీ వరుస ప్రకారం, ముందు చచ్చినవాడు ముందు.

ఇందులో బోధకుడికి సువార్త కనబడకుండా ఎలా ఉంటుంది! యవ్వనస్థుల కూడికలో ఈ పోలిక ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. మనం బయట కూర్చున్నాం, మన కోసం ఒకడు శత్రువు బరిలోకి ఒంటరిగా వెళ్ళాడు అని. అయితే ఏ పోలికైనా కొంతదూరమే నడుస్తుంది. ఆటలో బతికినవాడు మూడు నిమిషాల్లో మళ్ళీ చస్తాడు.

ఇంకో నియమం కూడా ఉంది. అవతల ఆరుగురో ఏడుగురో ఉన్నప్పుడు, కూతకు వెళ్ళినవాడు ఎవరినీ తాకకుండానే లోపలి బోనస్ గీత దాటి ఒక కాలు మోపి, రెండో కాలు గాలిలో ఉంచి తిరిగొస్తే ఒక పాయింటు వస్తుంది. ఆ పాయింటు లెక్కలో చేరుతుంది గానీ, దానివల్ల బయట కూర్చున్నవాడు మాత్రం బతకడు. ఇది కూడా గుర్తుంచుకోండి.

ఇక నేను అక్కడికి ఎందుకు వెళ్ళానో చెప్పాలి. ఆ బుధవారం స్త్రీల కూడిక అయ్యాక ఒక తల్లి ఆగింది. "అయ్యగారండీ, మావోడు సెలక్టవ్వాలని గట్టిగా ప్రార్థన చెయ్యండయ్యా. సర్టిఫికెట్టుంటే స్పోర్ట్స్ కోటాలో పోలీసో రైల్వేనో దొరుకుద్దంట" అంది. భర్త లేడు, రొయ్యల షెడ్డులో తలలు వొలిచే పనికి పోతుంది. సాయంత్రం దీపాల వేళకు ఇంకో తల్లి అరటిపళ్ళు పట్టుకుని ఇంటికే వచ్చింది. ఆమె అడిగిందీ అదే. ఇద్దరూ మా సంఘస్థులే, ఒకే వీధి వాళ్ళు. వాళ్ళ కుర్రాళ్ళ పేర్లు రాయను. ఏడాది తేడా గనక పెద్దోడు, చిన్నోడు అంటాను. షెడ్డు పనికి పోయే తల్లి కొడుకు పెద్దోడు. చిన్నోడు సెలవుల్లో కొబ్బరి ఒలుపుకు వెళ్తాడు.

చిక్కేమిటంటే ఇద్దరిదీ ఒకటే చోటు, ఎడమ కార్నర్. కూతకొచ్చినవాడి చీలమండ దొరకబుచ్చుకునేది అక్కడ నిలబడ్డవాడే. జట్టులో ఆడేవాళ్ళు ఏడుగురు, రిజర్వు ఐదుగురు, మొత్తం 12 మంది. ఎడమ కార్నర్‌కు పోయినేడు ఆడినవాడు వేరే మండలం నుంచి ఖాయంగా ఉన్నాడు. మిగిలింది రిజర్వులో ఒక్క చోటు. మా ఇద్దరికీ కలిపి ఆ ఒక్కటే.

ఏమని ప్రార్థించమంటారు? ఆ రాత్రి ఇద్దరి పేర్లూ ఒకే ప్రార్థనలో చెప్పాను. ఏ పేరు ముందు చెప్పాలన్న దగ్గర కూడా ఒక క్షణం ఆగాను. ప్రతి పరీక్షల కాలంలోనూ, ప్రతి ఉద్యోగ నోటిఫికేషన్‌కూ పాస్టర్లకు ఈ ఇబ్బంది ఉంటుంది. ఒక సీటు, పది సాక్ష్యాలు. సీటు వచ్చినవాడు ఆదివారం లేచి దేవుడు జవాబిచ్చాడని చెప్తాడు. రానివాడు అదే వరుసలో చాప మీద కూర్చుని వింటాడు. వాడి కోసం మన దగ్గర ఏ ప్రసంగం ఉంది? ఎంపిక అనగానే 1 సమూయేలు 16వ అధ్యాయం తీసి దావీదు గురించి చెప్తాం. సమూయేలు ముందు నుంచి నడిచిపోయిన ఏడుగురు అన్నల మీద ఎవరూ ప్రసంగం చేయరు.

ఆట సంగతికొస్తాను. మొదటి సగంలో ఇద్దరినీ చెరో జట్టులో వేశారు. ఇద్దరూ బాగానే ఆడారు. పెద్దోడిది నిబ్బరం, కూతగాడిని దగ్గరికి రానిచ్చి అప్పుడు వంగుతాడు. చిన్నోడిది తొందర, దొరికితే మాత్రం ఉడుంపట్టు. 2014లో ప్రో కబడ్డీ మొదలయ్యాక మన కుర్రాళ్ళకు టీవీ చూసి తొడ కొట్టడం బాగా అలవాటైంది. మా వాళ్ళిద్దరూ ఆ జోలికి పోలేదు, అది నాకు నచ్చింది.

రెండో సగంలో కోచ్ గారు జట్లు కలిపేసి కొత్తగా విడదీశారు. ఇద్దరూ ఒకే వైపు పడ్డారు. కాసేపటికే చిన్నోడు తొందరపడి దూకి, తాకించుకుని బయటికొచ్చి కూర్చున్నాడు. బయట ఉన్నది వాడొక్కడే. కాలం నడుస్తోంది. ఎంపికల్లో బయట కూర్చున్నవాడిని ఎవరు చూస్తారు? కోచ్ గారి చేతిలో కాగితం ఉంది, ఆయన కళ్ళు బరిలోనే ఉన్నాయి. గీత అవతల వాడి తల్లి కొంగు నోట్లో పెట్టుకుని నిలబడింది. చిన్నోడు మట్టి గడ్డ ఒకటి తీసుకుని వేళ్ళతో నలుపుతూ ఉన్నాడు.

అప్పుడు కోచ్ గారు పెద్దోణ్ణి కూతకు వెళ్ళమన్నారు. కార్నర్‌వాళ్ళని కూడా కూతకు పంపి చూస్తారు. అవతల ఏడుగురూ ఉన్నారు, అంటే బోనస్ ఉంది. వాడి పొడుగు కాళ్ళకు బోనస్ చాలా తేలిక. ఒక అడుగు, ఒక పాయింటు, పేరు పక్కన ఒక టిక్కు. చిన్నోడు మాత్రం బయటే ఉంటాడు. పక్కన నిలబడ్డ సంఘ పెద్ద ఆటలో బాగా మునిగిపోయి, "బోనస్సు! బోనస్సు కొట్రా!" అని అరిచారు. పెద్దోడు బోనస్ గీత వైపు ఒకసారి ఊగాడు కూడా. అవతలి కార్నర్‌వాడు అది చూసి ముందుకొచ్చాడు. అంతే, వెనక్కి తిరుగుతూ కాలి బొటనవేలితో వాడి మోకాలు తాకి, గీత వైపు దూకాడు. ఇద్దరు మీద పడ్డారు. చెయ్యి గీత దాటింది.

పాయింటు వచ్చింది, చిన్నోడు బతికాడు.

దీన్ని నేను త్యాగం అనను. 30 సెకన్లలో త్యాగం గురించి ఎవడు ఆలోచిస్తాడు? తరవాత వాణ్ణి అడిగితే, "జట్టులో మనిషి తక్కువున్నాడు కదండీ" అన్నాడు. వాడికి అది అంతవరకే. కానీ లోపలికొచ్చిన చిన్నోడు రెండో కూతలోనే, జిల్లాలో పేరున్న కూతగాడి చీలమండ పట్టేశాడు. మిగతావాళ్ళు వచ్చి పడేదాకా వదల్లేదు. కోచ్ గారి పెన్ను కదలడం ఇక్కడ నుంచే కనబడింది.

సాయంత్రం పేర్లు చదివారు. 12వ పేరు చిన్నోడిది. పెద్దోడి పేరు లేదు.

అపొస్తలుల కార్యములు మొదటి అధ్యాయం మళ్ళీ తీసి చదవండి. యూదా పోయాక 12 మందిలో ఒక చోటు ఖాళీ అయింది. సంఖ్య కలిసిందని ఎక్కువ మురిసిపోకండి, కబడ్డీ జట్టుకూ దానికీ సంబంధం లేదు. యోహాను బాప్తిస్మము మొదలుకొని ప్రభువు ఆరోహణమైన దినం దాకా వెంట ఉన్నవాడై ఉండాలి, అదీ అర్హత. ఇద్దరు నిలిచారు. ఒకరు మత్తీయ. ఇంకొకరు యోసేపు, ఆయనకే బర్సబ్బా అనీ యూస్తు అనీ పేర్లు. 15వ అధ్యాయంలో వచ్చే యూదా బర్సబ్బా వేరు, కలపకండి. ఆ ఇద్దరిలో ఎవరిని ఏర్పరచుకున్నావో చూపించమని ప్రభువును ప్రార్థించి చీట్లు వేశారు. మత్తీయ పేరు వచ్చింది.

గమనించండి, యోసేపులో లోపం ఉందని లేఖనం ఎక్కడా చెప్పలేదు. అర్హత సమానం, ఏళ్ళు సమానం, ప్రార్థన కూడా ఇద్దరి మీదా ఒకటే. అందరి ముందూ చీటీ వేరేవాడికి వచ్చింది. ఆయన ముఖం ఎలా ఉందో లూకా రాయలేదు. ఇంకో సంగతి, ఆ తరవాత మత్తీయ పేరు కూడా మళ్ళీ ఎక్కడా రాదు. ఎంపికైనవాడి పేరూ, కానివాడి పేరూ ఒకే అధ్యాయంలో ఆగిపోయాయి. రెండో అధ్యాయం తెరిస్తే అందరూ ఒక్కచోట కూడి ఉన్నారు. అంతకుముందు లెక్క ఇంచుమించు 120 మంది. చీటీ రాలేదని యోసేపు ఆ గుంపు విడిచి వెళ్ళిపోయాడని నేననుకోను. అగ్నిజ్వాలల్లాంటి నాలుకలు వచ్చినప్పుడు అవి 12 మందిని లెక్కపెట్టి ఆగలేదు, ఒక్కొక్కరి మీదా వాలాయి.

మన డెల్టాకు సువార్త తెచ్చినవారి సంగతీ కొంత ఇలాంటిదే. ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట 1836లో బయలుదేరి వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్ దొరలను ఏ మిషన్ బోర్డూ ఎంపిక చేసి జీతమిచ్చి పంపలేదు. నరసాపురం, పాలకొల్లు వైపు పాత సంఘాల్లో ఆ పేర్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎంపిక చేసే బోర్డు ఉంటే వాళ్ళు నెగ్గేవాళ్ళో లేదో!

అయినా ఇవన్నీ ఆ సాయంత్రం పెద్దోడితో చెప్పలేదు. వాడికి పద్దెనిమిదేళ్ళు. బోరింగు దగ్గర మొహం కడుక్కుని, తూకం మిషను ఆటో ఎక్కించడానికి సాయం పట్టి, సైకిల్ తొక్కుకుంటూ వెళ్ళిపోయాడు. నేనూ పిలవలేదు. పురుగు పట్టిన పన్నుకూ ఓడిపోయిన కుర్రాడికీ వెంటనే వాక్యం చెప్పకూడదని నా అభిప్రాయం.

మర్నాడు ఆరాధనలో చిన్నోడి తల్లి కృతజ్ఞత కానుక తెచ్చింది. సాక్ష్యం చెప్తానంది, చెప్పమన్నాను. క్లుప్తంగానే చెప్పింది. కొడుకు పేరు చెప్పాక ఒక క్షణం ఆగి, "మా ఎదురింటోరి బాబు పాయింటు తేకపోతే మావోడు అక్కడే కూర్చుండిపోదునండి" అంది. నేను చెప్పమనలేదు. పెద్దోడి తల్లి తలెత్తలేదు. పెద్దోడు తబలా దగ్గర ఉన్నాడు, మామూలుగానే వాయించాడు.

ఆరాధనయ్యాక ఆమె నా దగ్గరికొచ్చింది. ప్రార్థన ఏమైందని అడుగుతుందనుకున్నాను. ఆమె కోపం వేరే. మ్యాట్ మీద ఆడాలంటే బూట్లు కావాలి కదా. సెలక్షన్ వస్తుందన్న ధైర్యంతో అప్పు చేసి కొడుక్కి ముందే కొంది. చిన్నోడికి లేవు. రాత్రి పెద్దోడు ఆ పెట్టె తీసుకెళ్ళి ఎదురింట్లో ఇచ్చేసొచ్చాడట.

"ఒక్కసారి కూడా తొడగలేదండి. ఆడి కాళ్ళు చిన్నయి, గుడ్డలు కుక్కుకుని తొడుగుతాడంట. అడగనైనా అడగలేదండి నన్ను" అంది.

ఏమీ అనలేకపోయాను. బయట కుర్రాళ్ళు గుడి మీదకు స్టార్ ఎక్కిస్తున్నారు, వెదురు బొంగు పట్టుకుని పెద్దోడు నిచ్చెన మీద ఉన్నాడు. ఆమె అటు చూసి, "జాగర్తరా" అని అరిచి, మళ్ళీ నా వైపు తిరిగింది.

"బూట్లు తిరిగిస్తారంటారా అయ్యగారండీ?"

"ఆయ్, ఇస్తారమ్మా" అన్నాను.