టోకు ధర

నా రెండు జతల గాజులు కుదువబెట్టి మేము ఫ్లెక్సు అచ్చు యంత్రమును కొంటిమి. మాకు పని తెచ్చువారు చాలవరకు యంత్రము లేని బోర్డుల దుకాణములవారే. వారికి టోకు ధర నిర్ణయించుట నా వంతైనది. ఫ్లెక్సు ఖరీదును, సిరా ఖరీదును కూడి, చదరపు అడుగునకు 2 రూపాయలు పైన వేసితిని. మూడు మాసములు యంత్రము రేయింబవళ్లు తిరిగినది. గాజులు మాత్రము ఇల్లు చేరలేదు.

ఒకనాటి రాత్రి గది యూడ్చుచు కత్తిరింపు ముక్కల కుప్పను చూచితిని. మూడున్నర అడుగుల వెడల్పు బ్యానరును నాలుగడుగుల చుట్టమీదనే అచ్చువేయుదుము. పొడవు 10 అడుగులైనచో 35 చదరపు అడుగులకు సొమ్ము పుచ్చుకొని 40 అడుగుల ఫ్లెక్సు ఖర్చు చేయుచుంటిని! వంకాయ తొడిమ తూకమునకు సైతము వాదించుదానను, ఇది నాకేల తోచలేదో! విద్యుత్తు, మరమ్మతులు, అంచులకు రింగులు వేయు కుఱ్ఱవాని జీతము కూడ మరచితిని. నా శ్రమ సరేసరి.

మరునాటినుండి చుట్ట వెడల్పును బట్టి ధర కట్టితిని. బోర్డుల దుకాణము గల బాబయ్యగారు, "అమ్మాయీ, మనలో మనకు లెక్కలా?" యని నొచ్చుకొనిరి.

"బాబయ్యగారూ, మీ ఖాతాదారు నేరుగా నాయొద్దకు వచ్చినను మీ ధరకంటె తక్కువ చెప్పను. అచ్చు కూలి మాత్రమిదియే" అంటిని.

ఆయన ఇరువది దినములు రాలేదు. పిదప ఒక యుదయమున పనితోపాటు సొమ్మును ముందుగనే పంపిరి.

ఈ మాసమున ఒక జత విడిపించితిమి. రెండవది యింకను అచ్చటనే యున్నది.