పట్టాభిషేకం తరువాత

ముగిసిన కథను ఇంకా పొడిగించమని ప్రేక్షకులు కోరటమూ, పొడిగించిన తరువాత అది మునుపటిలా లేదని అలగటమూ మన విమర్శకులకు చాలాకాలంగా నవ్వులాటగా ఉన్నాయి. అభిమానం ఆలోచన లేనివాళ్లకు పట్టే జబ్బు అని వారి ఉద్దేశం. నేను ఈ అభిప్రాయంతో ఏకీభవించలేను. కథ ఎక్కడ ఆగాలో నిర్ణయించే అధికారం ఎవరిది? ఇది సాహిత్యంలో చిన్న ప్రశ్న కాదు. కలం పట్టనివాళ్లు ఈ ప్రశ్నను వ్యాసాలుగా రాయరు. ఇంకా కావాలంటారు, లేదా ఇది కాదంటారు. ఆ రెండు మాటల్లోనూ విమర్శ ఉన్నది. దాన్ని వినటానికి ఓపిక కావాలి, అంతే.

పొడిగింపులన్నీ ఒక జాతివి కావు. ఇంగ్లండులో 2010 నుంచి 2015 వరకు ‘డౌన్‌టన్ ఆబీ’ అనే ధారావాహిక టెలివిజన్‌లో నడిచింది. ఒక పెద్ద జమీందారీ భవనం, మేడమీద ప్రభువుల కుటుంబం, కింద వంటింట్లో నౌకర్లు. 1912లో మొదలయ్యే కథ. జనాదరణ చూసి దాన్ని సినిమాగా కొనసాగించారు. 2019లో ఒకటి, 2022లో ఒకటి, 2025లో మరొకటి వచ్చాయి. మొదటి సినిమాలో, 1927లో, రాజూ రాణీ ఆ భవనానికి విడిదికి వస్తారు. వారివెంట వచ్చిన రాచనౌకర్లు ఇంటి నౌకర్లను పక్కకు నెడతారు. ఇంటి నౌకర్లు కుట్ర పన్ని తిరగబడతారు. దేనికోసం? రాజుగారికి తమ చేత్తో వడ్డించే గౌరవం కోసం! తిరుగుబాటును కూడా వడ్డనలో కలిపేసిన ఈ కథను చూసి అభిమానులు పాత స్నేహితుల ఇంటికి పోయివచ్చినంత సంతోషపడ్డారు. వారిని నేను తప్పుపట్టను. ఇల్లు కూలకుండా ఇంకొంతకాలం నిలబడిందని తెలిస్తే ఎవరికైనా ఊరటే. కాని మన దేశంలో జనం పట్టుబట్టి సాధించుకున్న పొడిగింపు ఒకటున్నది. అది ఊరట కోసం అడిగినది కాదు.

రామానంద సాగర్ తీసిన ‘రామాయణ్’ 1987 జనవరి 25న దూరదర్శన్‌లో మొదలైంది. ఆదివారం ఉదయాలు దేశమంతా దాని ముందు కూర్చున్నది. 1988 జూలై 31తో అది ముగిసింది. పట్టాభిషేకంతో సరిపెట్టాలని నిర్మాత నిర్ణయం. అప్పుడు పంజాబులోని జలంధర్‌లో పారిశుద్ధ్య కార్మికులు పని ఆపేశారు. వాళ్లు వాల్మీకి కులస్తులు. ఆదికవిని తమ గురువుగా కొలిచేవాళ్లు. ఉత్తరకాండ కూడా చూపించాలని వాళ్ల కోరిక. సమ్మె ఉత్తరాదిన ఇతర పట్టణాలకు పాకింది. వీధుల్లో చెత్త పేరుకుపోయి, అంటురోగాల భయం పుట్టిన తరువాత ప్రభుత్వం దిగివచ్చింది. అదే సంవత్సరం అక్టోబరులో ఉత్తర రామాయణం మొదలైంది.

ఈ సమ్మెను మూఢభక్తి అని కొట్టిపారేసినవాళ్లు ఒక సంగతి గమనించలేదు. రాజు వెళ్లగొట్టిన నిండు చూలాలికి నీడ ఇచ్చినవాడు, ఆమె పిల్లలకు విద్య చెప్పినవాడు, సభలో నిలబడి ఆమె తరఫున సాక్ష్యం పలికినవాడు వాల్మీకి. ఇదంతా ఉత్తరకాండలోనే ఉన్నది. ఊరి మురికి ఎత్తేవాళ్లకు ఆ కథలో వాటా పట్టాభిషేకం తరువాతనే మొదలవుతుంది. పట్టాభిషేకం దగ్గర తెర దించితే వాళ్ల వాటా పోయినట్టే. కూలీ కోసం సమ్మె చేసినవాళ్లను చాలామందిని చూశాం. కథలో తమ భాగం కోసం సమ్మె చేసినవాళ్లు వీళ్లు.

ఇక మా దమ్మపేట సంగతి. ఆ రోజుల్లో నేను ఊరికి దగ్గరలోనే ఒక ప్రాథమిక పాఠశాలలో పనిచేసేవాణ్ని. ఒక పెద్దరైతు ఇంట్లో టెలివిజన్ ఉండేది. పొడుగాటి ఇనుపగొట్టం చివర కట్టిన యాంటెన్నా గాలికి తిరిగితే బొమ్మ చెదిరిపోయేది. ఎవరో ఒకరు దాబా ఎక్కి గొట్టం తిప్పుతూ, వచ్చిందా అని అరుస్తుండేవాళ్లు. మాటలు హిందీ. మాలో నూటికి తొంభైమందికి ఆ భాష రాదు. ఐనా ఎవరికీ ఇబ్బంది కలగలేదు, ఎందుకంటే కథ ముందే తెలుసు. ఇంటివాళ్లు కుర్చీల్లో, వారి బంధువులు వసారాలో చాపల మీద, పాలేర్లూ కూలి ఆడవాళ్లూ వాకిట్లో, గూడెం నుంచి వచ్చినవాళ్లు ప్రహరీ బయట. రామరాజ్యం చూడటానికి కూడా మా ఊరు తన వరస తప్పలేదు.

మా ప్రాంతానికి రాముడు దూరపువాడు కాదు. భద్రాచలం మా పక్కది. పర్ణశాలలో సీతమ్మ చీరలు ఆరవేసిన గుర్తులంటూ రాళ్లు చూపిస్తారు. ఏటా నవమినాడు భద్రాచలంలో కల్యాణం చేస్తారు. ప్రభుత్వం పట్టువస్త్రాలూ ముత్యాల తలంబ్రాలూ సమర్పిస్తుంది. మర్నాడు మహాపట్టాభిషేకం. ఆ తరువాత కొబ్బరికాయల దుకాణాలు ఎత్తేస్తారు, జనం బస్సులెక్కుతారు. అంతకుమించిన కథకు ఆ ఉత్సవంలో చోటు లేదు. ఉండటానికి వీలు కూడా లేదు. పెళ్లీ, పట్టాభిషేకం చేసిన చోటనే ఆ పెళ్లికూతురిని అడవికి పంపించే ఉత్సవం ఎవరు చేస్తారు?

కాని ఉత్సవంలో లేనిది ఆడవాళ్ల నోట్లో ఉన్నది. రాగిణీలూ రాతప్రతులూ అక్కరలేకుండా తెలుగు స్త్రీలు తరతరాలుగా పాడుకున్న రామాయణపు పాటల్లో యుద్ధకాండ కంటె, పురిటిళ్లకూ ఎడబాట్లకూ ఎక్కువ చోటు దొరికింది. ఒక పాటలో సీత రావణుడి కాలి బొటనవేలు తప్ప మరేమీ చూసి ఎరగదు. శూర్పణఖ మారువేషంలో వచ్చి బొమ్మ గీయమంటే ఆ వేలే గీస్తుంది. తక్కినది శూర్పణఖ పూర్తిచేస్తుంది. ఆ బొమ్మే సీత మెడకు చుట్టుకుంటుంది. అంతఃపురంలోని ఆడవాళ్లు మాత్రం సీత పక్షాన నిలబడతారు. కవులు కూడా ఈ భాగాన్ని వదలలేదు. 13వ శతాబ్దంలో తిక్కన నిర్వచనోత్తర రామాయణం రాశాడు. ఐతే రాముడి నిర్యాణం ముందే కలం ఆపాడు. మిగిలిన ఆ కథను తరువాత జయంతి రామభట్టు పూర్తిచేశాడు. అంటే కథను ఇంకొకరు పొడిగించటం, ఎక్కడ ఆపాలో తగాదాపడటం టెలివిజన్‌తో వచ్చిన రోగం కాదు. అది మన కావ్యాల వయసే కలది.

సినిమా సంగతీ అంతే. సి. పుల్లయ్య 1934లోనే ‘లవకుశ’ తీశాడు. మళ్లీ ఆయనా, ఆయన కుమారుడు సి.ఎస్. రావూ కలిసి తీసిన రంగుల ‘లవకుశ’ 1963లో వచ్చింది. రామారావు రాముడు, అంజలీదేవి సీత. బండ్లు కట్టుకొని పోయి చూసివచ్చినవాళ్లు మా ఊళ్లో ఉన్నారు. అంచేత ఉత్తర రామాయణం టెలివిజన్‌లోకి వచ్చేసరికి వాకిట్లో కూర్చున్న ఆడవాళ్లు కొత్త ప్రేక్షకులు కారు. వాళ్లు పాత కొలబద్ద చేతబట్టుకొని వచ్చినవాళ్లు.

ఆ కొలబద్దకు సాగర్ సీత సరిపోలేదు. ఈ కొత్త కథలో సీతే లోకనింద సంగతి తెలుసుకొని, రాజధర్మం నిలవాలంటే తాను పోవటమే మంచిదని భర్తను ఒప్పిస్తుంది. వసారాలోని పెద్దమనుషులకు ఇది బాగా నచ్చింది. ఎంత ఉత్తమురాలు అన్నారు. వాకిట్లో నాట్లకు పోయే ఒక ముసలామె మాత్రం లేచి చీర దులుపుకుంటూ నాతో అన్నది: ‘‘చూశారా పంతులుగారూ, వెళ్లగొట్టిన పాపం కూడా ఆమె నెత్తినే పెట్టారు. ఇంట్లోంచి తరిమేసి, అదే పోయిందని ఊళ్లో చెప్పుకోవటం మేమెరగందా?’’

నేను అప్పటికి ఉత్తరకాండ మీద విమర్శలు కొన్ని చదివాను. త్రిపురనేని రామస్వామి చౌదరి ‘శంబూకవధ’ చదివాను. నార్ల ‘సీతజోస్యం’ చదివాను. రంగనాయకమ్మ ‘రామాయణ విషవృక్షం’ మీద జరిగిన వాదప్రతివాదాలు ఎరుగుదును. వాటిలో ఏదీ చదవని మనిషి, భాష తెలియని బొమ్మను చూస్తూ, దర్శకుడు చేసిన మార్పు ఎవరికి లాభమో ఒక్క మాటలో తేల్చింది. ఆమెకు రాముడి మీద భక్తి లేదా అంటే ఉన్నది. నవమికి భద్రాచలం నడిచిపోయే మనిషి. భక్తి ఉన్నచోట ప్రశ్న ఉండదని అనుకోవటం మన చదువుకున్నవాళ్ల మూఢనమ్మకం.

ప్రహరీ బయట నిలబడి చూసిన ఒక కోయ కుర్రవాడు, మా బడిలోనే చదివి మానేసినవాడు, ఇంకొక ప్రశ్న వేశాడు. ‘‘ఆ పిల్లలకు బాణం నేర్పింది అడవే గదా సారూ. రాజు సైన్యాన్నే గెలిచారు. గెలిచినోళ్లు మళ్లా ఆ రాజు ఇంటికి ఎందుకు పోవాలి?’’ లవకుశుల కథను తండ్రీకొడుకుల కలయికగా చూడటానికి అలవాటుపడిన మనకు ఈ ప్రశ్న తట్టదు. పోడు భూమి విషయంలో అధికారుల ఎదుట చేతులు కట్టుకొని నిలబడవలసివచ్చే ఇంట్లో పుట్టినవాడికి అదే మొదట తడుతుంది. మనం అరణ్యకాండ అంటే రాజకుమారుల కష్టకాలం అనుకుంటాం. అడవిలో పుట్టినవాడికి అది కాండ కాదు, కాపురం.

ఇదే కథ 2011 నవంబరులో మళ్లీ సినిమాగా వచ్చింది. బాపు తీసిన ‘శ్రీరామరాజ్యం’. రచయిత ముళ్లపూడి వెంకటరమణ అది విడుదల కాకముందే, ఆ ఫిబ్రవరిలోనే కన్నుమూశాడు. రామారావు వేసిన పాత్రను ఆయన కుమారుడు బాలకృష్ణ వేశాడు. నయనతార సీత. పాత ‘లవకుశ’తో దీన్ని పోల్చనివాళ్లు లేరు. పాటలు అంత నిలవవని కొందరూ, బొమ్మలు అందంగా ఉన్నాయని కొందరూ వాదించుకున్నారు. అదంతా సహజమే. సహజం కానిది ఒకటి జరిగింది. నయనతారను సీతగా ఎంచుకున్నప్పుడు, ఆమె సొంత జీవితాన్ని బజారుకెక్కించి, ఈమె సీత వేషానికి తగునా అని ప్రశ్నించారు. లోకం మాట పట్టుకొని ఒక స్త్రీని శిక్షించటం ఎంత అన్యాయమో చెప్పే కథ అది. ఆ కథను ప్రేమిస్తున్నామనేవాళ్లే, తెర లేవకముందే, ఆ మాటే మాట్లాడారు! చివరకు ఆమె నటనకు ప్రభుత్వ నంది బహుమతి వచ్చింది. కాని బహుమతి వచ్చినందువల్ల ఆ ప్రశ్న న్యాయమైపోదు. అగ్నిపరీక్షలో గెలవటం ఆ పరీక్ష పెట్టినవాళ్లకు గొప్ప కాదు.

అభిమానం ఇన్నిరకాలుగా ఉంటుందని చెప్పటానికే ఇదంతా రాశాను. కథలో తన వాటా కోసం అడిగే అభిమానం ఉన్నది, జలంధర్ కార్మికులది అటువంటిది. కథ మార్చినవాడి ఎత్తు పసికట్టే అభిమానం ఉన్నది, మా ముసలామెది అటువంటిది. కథలోని నీతిని పక్కన పెట్టి పాత్రధారిణి శీలం వెతికే అభిమానమూ ఉన్నది. మొదటి రెండూ విమర్శ. మూడవది పెత్తనం. మూడింటినీ ఒకే మూటగట్టి జనం అజ్ఞానం అని పేరుపెడితే నష్టపోయేది మనమే.

2020 మార్చి 28న, లాక్‌డౌన్ రోజుల్లో, దూరదర్శన్ ఆ పాత ‘రామాయణ్’ను మళ్లీ ప్రసారం చేసింది. ఏప్రిల్ 16 ఒక్కరోజే 7.7 కోట్లమంది చూశారని ప్రకటించింది. దాని వెనుకనే ఉత్తర రామాయణమూ వచ్చింది. ఇప్పుడు మా ఊళ్లో ఎవరి ఇంట్లో వాళ్లకు టెలివిజన్ ఉన్నది. ప్రహరీ బయట నిలబడవలసిన పని లేదు. మెట్టచేలూ చెలకలూ ఉన్నచోట పామాయిల్ తోటలు లేచాయి. అప్పారావుపేటలో నూనె ఫ్యాక్టరీ పనిచేస్తున్నది. కాని ఆ ఏప్రిల్ ఎండల్లోనే మిరప కోతలకు మన జిల్లాలకు వచ్చిన ఆదివాసీ కూలీలు బస్సులు లేక, పిల్లలతో, మూటలతో, అడవిదారులు పట్టి ఛత్తీస్‌గఢ్‌కు నడిచిపోయారు. తెరమీద సీత అడవికి పోతుంటే కన్నీళ్లు పెట్టుకున్న దేశంలోనే వాళ్లు నడిచారు. వాళ్లకు దారిలో ఆశ్రమం కట్టి కాచుకున్న వాల్మీకి లేడు.

కథను పొడిగించమని జనం అడిగినప్పుడు రచయితలు విసుక్కోకూడదు. ఎవరు అడుగుతున్నారో చూడాలి. పట్టాభిషేకం జరిగాక కథ కంచికి పోయిందని తృప్తిపడేవాళ్లు వసారాలో ఎప్పుడూ ఉంటారు. ఇంకా ఉన్నదని అనేవాళ్లు వాకిట్లోనూ ప్రహరీ బయటా ఉంటారు. ఆ మిగిలిన కథ వాళ్ల దగ్గరనే ఉన్నది. మనం రాయవలసిందీ అదే.